కాపుపూస భయపడింది

ఆ కాలంలో భీమిలి తీరాన పిల్లలెవరూ కాపుపూస లేకుండా గడప దాటేవారు కాదు. చెవి వెనక, జుట్టు మొదట్లో, ఆవగింజ కంటే కాస్త పెద్దదిగా అంటుకుని ఉండేది ఆ పూస. బడి పడవ ఎక్కాలన్నా, నీళ్ళ మీద తేలే సంతలో రంగులరాట్నం ఎక్కాలన్నా ముందు పూస ఒప్పుకోవాలి. అది ఒప్పుకోకపోతే పడవ తలుపు తెరుచుకోదు, రాట్నం కదలదు. ఇరవై రెండో శతాబ్దం వచ్చేసినా, జనం అలల మీద ఇళ్ళు కట్టుకున్నా, పిల్లని బయటికి పంపేటప్పుడు తల్లి గుండె పాతకాలంలాగే దడదడలాడేది. ఆ దడనే శాస్త్రజ్ఞులు యంత్రంలో పెట్టారు.

పిల్ల గుండె వేగం, ఊపిరి, గాలి విసురు, అల ఎత్తు... ఇవన్నీ పూసలోని సెన్సర్లు కొలుస్తాయి. కానీ దేనికి భయపడాలో కొలతలు చెప్పవు. మొదట్లో తయారైన పూసలు పొయ్యి మంటనీ పుట్టినరోజు కొవ్వొత్తినీ ఒకే కంటితో చూసి గోల పెట్టాయి. అందుకని భయశిక్షణ అనే పద్ధతి పెట్టారు. ఇంట్లో తల్లో తండ్రో కొన్నాళ్ళు పూసతో మాట్లాడుతూ తమ భయాలు దానికి నేర్పాలి. నేర్చుకున్నాక అది తల్లి చేతిలోని పలుకుబిళ్ళ ద్వారా, నేర్పినవాళ్ళ యాసలోనే మాట్లాడుతుంది.

చదువుకున్నవాళ్ళు కరెంటు గురించీ, లోతు నీళ్ళ గురించీ చెప్పి సరిపెట్టుకున్నారు. నూకరత్నం పదో తరగతితో బడి మానేసి, సముద్రపు నాచు ఆరబెట్టే షెడ్డులో పనికి కుదిరిన మనిషి. ఏది చెప్పాలో ఏది చెప్పక్కర్లేదో ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. తప్పిపోతే ఎలాగన్న భయంతో అన్నీ చెప్పేసింది. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆగి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగాలి. వెళ్ళేవాళ్ళని వెనక్కి పిలవకూడదు. నలుగురూ బాగుందంటే దిష్టి తగులుతుంది.

"అమా, అది మెషిను. దానికి దిష్టేటే?" అని నవ్వింది కూతురు జాబిలి.

"దానికి కాదే గుంటా, నీకు. ఒల్లకో," అని కూతురి నోరు మూయించింది నూకరత్నం.

జాబిలికి పద్నాలుగేళ్ళు. నడిచినా గెంతినట్టే ఉంటుంది. ఆ ఏడు గాలిరంగం ఆటకి ఎంపికైన ఆరుగురు పిల్లల్లో తనూ ఉంది. గాలిరంగమంటే సముద్రం మీద డ్రోన్లు మోసుకుపోయే వేదిక. నడుముకి తాడు కట్టుకుని పిల్లలు దాని మీదా, దాని అంచు దాటి గాలిలోనూ నాట్యం చేస్తారు. ఊరూరా జనం పనులు మానుకుని చూసే కార్యక్రమం అది. కబురు వచ్చినప్పటి నుంచీ నూకరత్నానికి అన్నం సహించలేదు. వద్దంటే వాడిపోయే పిల్ల ముఖం చూడలేననిపించేది. సరేనంటే తాడు తెగినట్టూ, నీళ్ళలో జడ తేలుతున్నట్టూ కళ్ళముందు కనిపించేది. చివరికి, "పూస ఉంది గదా, అదే సూసుకుంటాది" అని సంతకం పెట్టేసింది.

ఆట రోజు సాయంత్రం తల్లులందరినీ వేదికకి ఎదురుగా ఒక పడవలో కూర్చోబెట్టారు. అక్కడే ఒక మూల, ఒళ్ళో తెర పెట్టుకుని, కాపుపూసల రూపకర్త డాక్టర్ తేజోవతి కూర్చుని ఉంది. చెదరని ముడి, చెదరని ముఖం. ఆమెని చూస్తే నూకరత్నానికి కొంచెం ధైర్యంగానూ, కొంచెం బెరుగ్గానూ అనిపించింది.

పిల్లలు వరసలో నిలబడ్డారు. నడుం పట్టీలకి తాళ్ళు బిగించారు. పూసలన్నీ ఒప్పుకుంటే పట్టీల మీద పచ్చదీపాలు వెలుగుతాయి, వేదిక లేస్తుంది. అంతలో వరసలో ఎవరో తుమ్మారు.

ఒక ఎర్రదీపం. పక్కన మరొకటి. చూస్తుండగానే ఆరూ ఎర్రబడ్డాయి.

నూకరత్నం చేతిలోని పలుకుబిళ్ళ అచ్చం ఆమె గొంతుతోనే పడవంతా వినిపించేలా అరిచింది. "ఓలమ్మో! తుమ్మినారు. ఆగాల! తాడు తెగితేనో? గాలి తిరిగితేనో? ఓలమ్మో, రత్నమ్మా, నా గుంట!"

పడవలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె బిళ్ళని చెంగులో చుట్టేసింది. చెంగులోంచి కూడా అది ఏడుస్తూనే ఉంది.

కార్యక్రమం నడిపే భానోజీ పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఏటిది? కాసేపట్లో లైవ్! దీపాలు పచ్చబడకపోతే ఈ పిల్లల్ని దింపేసి రెండో జట్టుని ఎక్కించేస్తాను. మరి నన్ననకండి."

"గాలి బాగుంది, తాళ్ళు బాగున్నాయి. కొలతలన్నీ మళ్ళీ పంపాను," అంది తేజోవతి. "పూసలు ఒప్పుకోవడం లేదు. ఒక పూసకి ప్రమాదం కనబడితే పక్క పూసలకి తెలియాలని పొరుగుకబురు అనే ఏర్పాటు పెట్టాం. ఇప్పుడు ఒకటి భయపడింది. దానికి తెలిసినదేదో తనకి తెలియలేదని రెండోది భయపడింది. రెండూ భయపడ్డాయని మూడోది..."

"బడి గేటు కాడ మేమూ అంతేనండి," అంది నూకరత్నం మెల్లిగా.

ఎవరూ నవ్వలేదు. నిజానికి ఆ క్షణంలో ఆమె గుండె తేలికపడింది. తను నోరు మూసుకుంటే చాలు. పూసే ఆపింది, తను కాదు. పిల్ల కిందకి దిగి వచ్చేస్తుంది, రాత్రికి పక్కలో పడుకుంటుంది. రెండు రోజులు అలుగుతుంది, మూడో రోజు మామూలైపోతుంది.

తేజోవతి ఒళ్ళోని తెర మీద జాబిలి కనిపించింది. ఏడవడం లేదు. తల్లి వైపు చూడనూ లేదు. ఎర్రదీపం నడుముకి వెలుగుతుండగానే, వేదిక లేస్తే మొదట వేయాల్సిన అడుగుని ఉన్నచోటే వేస్తోంది. వేసి, ఆపి, మళ్ళీ వేస్తోంది.

చెంగులో పూస గొంతు వినిపిస్తూనే ఉంది. "నీల్లలో పడితేనో? సేప కరిస్తేనో? అందరూ సూస్తన్నారు, దిష్టి!" తన మాటలే. ఇన్నేళ్ళూ ఆ మాటలు తన నోట్లోంచి వస్తున్నప్పుడు అవి ఇలా వినిపిస్తాయని ఆమెకి తెలియలేదు. చీకట్లో పిల్లెవరో వెక్కుతున్నట్టుంది. కోపం రాలేదు, జాలేసింది. తనకి ధైర్యం చెప్పినవాళ్ళే తప్ప తను ఒకరికి ధైర్యం చెప్పిన గుర్తు ఆమెకి లేదు.

చెంగు విప్పి బిళ్ళని నోటి దగ్గర పెట్టుకుంది.

"ఒల్లకో. ఏటంత గోల? తుమ్మితే ఏటి సెయ్యమన్నాను నీకు?"

"కూసోవాల. నీల్లు తాగాల."

"మరి ఆ సంగతి సెప్పకుండా ఏడుస్తావేటి?" భానోజీ వైపు తిరిగింది. "బాబూ, పిల్లల్ని ఓసారి కూసోబెట్టి తలో గుక్క నీల్లు తాగించండి."

అతను గడియారం చూసుకుని వేదిక వైపు పరుగెత్తాడు. పిల్లలు కూర్చున్నారు. నీళ్ళు తాగారు. లేచారు.

"సూసినావా? కూసున్నారు, తాగినారు. తుమ్ము సంగతి అయిపోనాది."

పూస ఆలోచించింది. "మరి తాడో?"

"తాడు సూసే ఆల్లు సూసినారు."

"రత్నమ్మా, నీకు బయం లేదా?"

"ఎందుకు లేదు? నీకన్నా పెద్ద బయం. ఉంటే ఉండనీ. పిల్లని ఎల్లనీ."

జాబిలి నడుము దగ్గర దీపం పచ్చబడింది. పొరుగుకబురు ఈసారి అదే దారిన వెనక్కి పోయింది. రెండోది, మూడోది... ఆరూ పచ్చబడ్డాయి. వేదిక లేచింది.

పిల్లలు ఆడారు. అంచు దాటి గాలిలోకి దూకినప్పుడు పడవలో తల్లులంతా కళ్ళు మూసుకున్నారు. నూకరత్నానికి మూసుకునే తీరిక దొరకలేదు. "ఇప్పుడేటయింది? ఇప్పుడో?" అని పూస అడుగుతూనే ఉంటే చూసి చెప్పాల్సి వచ్చింది. "తిరుగుతంది... నవ్వుతంది... అదిగో, వచ్చేసినాది." వేదిక నీళ్ళకి దిగి, చప్పట్లు మోగాక ఆమె ఊపిరి మొత్తం ఒక్కసారే వదిలింది. వెంటనే ఆకలేసింది. ఎన్నాళ్ళకో!

చీర సర్దుకుని తేజోవతి దగ్గరకి వెళ్ళింది. "తప్పయిపోనాదండి. తుమ్ములూ దిష్టీ నాలాంటిదే నేర్పుతాది. మా పూస వల్లే గదా ఇంత రభస. తీసుకెళ్ళి బాగుచెయ్యండి."

తేజోవతి తెర ముందుకి జరిపింది. పూసలు ఏది ముందు, ఏది వెనక ఎర్రబడ్డాయో ఆ వరస దాని మీద ఉంది. మీ పూసది నాలుగో స్థానం అన్నట్టు వేలు పెట్టి చూపించింది. ఆ వేలు పైకి జరిగి, అన్నిటికన్నా ముందు ఎర్రబడిన పేరు దగ్గర ఆగింది.

"ఈ బాబెవరండి?"

"మా అబ్బాయి." ఆమె గొంతు తగ్గింది. "దానికి భయశిక్షణ ఇచ్చింది నేనే. గాలి, నీళ్ళు, కరెంటు, అంతే చెప్పాను. తుమ్ము గురించి ఒక్క ముక్క చెప్పలేదు."

"మరెలా నేర్సిందండి?"

"నేను చెప్పింది మాత్రమే కాదు, చేసింది కూడా చూసింది." తేజోవతి ముఖం ఎర్రబడింది. "నమ్మను నేను. పదిమంది ముందు నవ్వుతాను కూడా. కానీ వాడు బయల్దేరుతుంటే ఎవరైనా తుమ్మితే, చెప్పు తెగిందనో, ఏదో మరిచిపోయాననో వంకపెట్టి వాణ్ణి కాసేపు కూర్చోబెట్టేదాన్ని. మంచినీళ్ళు ఇచ్చేదాన్ని."

నూకరత్నం ఫక్కున నవ్వబోయి చెంగు అడ్డం పెట్టుకుంది. అంత చదివిన మనిషి వేలు కొడుకు పేరు మీంచి ఇంకా కదల్లేదని అప్పుడు గమనించింది. పక్కనే చతికిలబడింది.

తేజోవతి తల ఎత్తలేదు. వేదిక మీంచి పిల్లలు పట్టీలు విప్పుకుని అరుచుకుంటూ పడవలోకి వస్తున్నారు. వాళ్ళు దగ్గరయ్యేలోగా, ఎవరికీ వినిపించకుండా అడిగింది.

"ఇందాక మీ పూసకి చెప్పారే, ఆ మాటలు మళ్ళీ ఒకసారి చెప్తారా? మా పూసకి కాదండీ... నాకు."