గోడలో గాలి కన్నం

"తలుపు వెయ్యమ్మా! ఆ హంతకుడి పెళ్ళాం మొహం నాకు చూపించకు!"

విదాద్ పెట్టిన కేక మెట్లన్నీ దిగి వీధి వాకిలి దాకా వినిపించి ఉంటుంది. గుమ్మంలో నిలబడ్డ దలీలా మాత్రం కదల్లేదు. గ్యాసు పనిచేసే లఖ్దర్ భార్య ఆమె. భర్తను పోలీసులు తీసుకుపోయి ఇరవై మూడు రోజులైంది. తలగుడ్డ మీద మంచు కరిగి బుగ్గల మీదికి కారుతోంది... అందులో కన్నీళ్ళెన్నో మంచు ఎంతో!

"పెద్దమ్మగారూ, ఒక్క మాట వినండి! మా ఆయన పదిహేనేళ్ళ నుంచి ఇళ్ళల్లో హీటర్లు బిగిస్తున్నాడు. ఒక్క ఇంట్లో తలనొప్పి వచ్చిందన్నవాళ్ళు లేరు. పొగగొట్టం సరిగ్గానే పెట్టాడు. గాలి కన్నం తన చేత్తోనే తొలిచాడు. ఏదో జరిగింది... మీకు తెలిసిందేదైనా ఉంటే చెప్పండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"వెళ్ళు దలీలా... నా కూతురి పరిస్థితి చూస్తున్నావుగా..." అంటూ రెబీహా తలుపు మూసేసింది. అరవై ఏళ్ళ బతుకులో గుమ్మంలోకొచ్చిన మనిషికి ఓ గుక్క కాఫీ అయినా ఇవ్వకుండా పంపడం ఆమెకిదే మొదటిసారి. మూసిన తలుపుకు వీపు ఆనించి అలాగే నిలబడిపోయింది.

ఏం జరిగిందో రెబీహాకు తెలుసు! బాగా తెలుసు!

ఎత్తుమీదున్న సెతీఫ్ ఊరి చలి సంగతి సెతీఫ్‌లో పుట్టినవాళ్ళకే తెలియాలి. ఒక్కగానొక్క కూతురు విదాద్, అల్లుడు హిలాల్, పెళ్ళైన మూడో నెలలో పక్క భవనంలోనే అద్దెకు దిగినప్పుడు హీటరు బిగించింది లఖ్దరే. గోడలో నేలకు జానెడు ఎత్తున కన్నం తొలిచి, జాలీ పెట్టి, చేతులు దులుపుకుంటూ మరీ చెప్పాడు. "పెద్దమ్మా, ఎంత చలేసినా దీన్ని మూయొద్దు. హీటరుకు గాలి అందకపోతే విషం పుడుతుంది. దానికి వాసనుండదు, పొగ కనపడదు." రెబీహా నవ్వేసింది. "నాకు చెబుతావా నాయనా! చలికాలం వస్తే రేడియోలో వినేది అదేగా!"

విన్నది... విని ఏం చేసింది? మంచు పడిన ఆ రోజు కూతుర్ని చూడ్డానికి వెళ్తే, విదాద్ దగ్గుతోంది. ఆ కన్నంలోంచి వచ్చే గాలి కాళ్ళను కోసేస్తోంది. కూతురు వంటింట్లో ఉండగా రెబీహా తన పాత ఉన్ని శాలువా చింపి, ముక్కను ఉండ చేసి, ఆ కన్నంలో కుక్కేసి, ముందుకు ఒక స్టూలు జరిపింది. ఒక్క రోజుకేం కాదులే అనుకుంది. ఈ ఊళ్ళో ఏ తల్లి చేయని పనీ! మర్నాడు పొద్దున్నే వేడివేడి కస్రా రొట్టెలు ముసుగు కింద పెట్టుకుని, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసేసరికి... స్నానాలగది గుమ్మంలో హిలాల్, మంచం మీద విదాద్... యా అల్లా! పగవాళ్ళకు కూడా వద్దు ఆ దృశ్యం!

గొంతు చించుకుని అరిచింది, కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఆ తర్వాత ఆమె చెయ్యి... ఆమె చెయ్యే... కన్నంలోంచి ఆ గుడ్డ లాగి బట్టల్లో దాచేసింది. ఎందుకు దాచిందో ఇప్పటికీ ఆమెకే తెలీదు. ఫైరువాళ్ళు వచ్చి చూసేసరికి కన్నం తెరిచే ఉంది. కన్నం తెరిచి ఉన్నా మనిషి చనిపోయాడంటే తప్పు పని చేసినవాడిదే కదా! ప్రాణాలతో బయటపడిన విదాద్‌ను ఆసుపత్రిలో అధికారి అడిగితే ఆ పిల్లా "తెరిచే ఉంది" అంది. మంచం మీద పడి ఉన్న పిల్లకేం తెలుసు పాపం అనుకుంది రెబీహా. లఖ్దర్‌ను ఆ సాయంత్రమే తీసుకుపోయారు.

అప్పట్నుంచి తల్లీ కూతుళ్ళిద్దరూ రెబీహా ఇంటి రెండు గదుల్లోనే. విదాద్ ఇద్దత్‌లో ఉంది. తెల్లబట్టలు కట్టుకున్న విధవ నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఆ పిల్ల పొద్దున లేస్తే లఖ్దర్‌ను తిట్టేది, సూపు తాగుతూ తిట్టేది, నమాజు చేసి చాప చుడుతూ తిట్టేది. "వాడి చేతులు పడిపోవాలి! వాడి పిల్లలు నాలాగే ఏడవాలి!" ఒక్కొక్క తిట్టూ రెబీహా నెత్తిమీద పడేది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది! చెబితే కూతురు పోతుంది, చెప్పకపోతే ఏ పాపం ఎరగనివాడు జైల్లో మగ్గిపోతాడు. మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ "ఇంకాస్త సూపు పొయ్యనా తల్లీ?" అనేసి ఊరుకుంది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగి నలిగి, అద్దంలో తన మొహం తానే చూసుకోలేకపోతోంది.

దలీలా వెళ్ళి గంటైనా కాలేదు, పై అంతస్తు నఫీసా మెట్ల మీంచి పిలిచింది. ఆమె బాలింత, నెలన్నర పసిపిల్ల.

"పిన్నీ, ఓసారి పైకి రావా! పొద్దుట్నుంచీ తల దిమ్మెక్కిపోతోంది. నడుం వాలుస్తా, కాస్త పిల్లని చూద్దువుగాని."

రెబీహా పైకి వెళ్ళింది. గది రొట్టెల పొయ్యిలా ఉంది. కిటికీలకు దుప్పట్లు వేలాడదీసి ఉన్నాయి. ఉయ్యాల్లో పిల్ల నిద్రపోతోంది... మరీ నిశ్శబ్దంగా నిద్రపోతోంది! రెబీహా కళ్ళు గోడవెంట నేలకు దిగాయి. కన్నంలో రవ్వసంచి కుక్కి ఉంది.

ఒక్క ఉదుటున వెళ్ళి దాన్ని లాగేసింది. దుప్పట్లు పీకి కిటికీ తెరిచింది.

"అయ్యో అయ్యో, ఏం చేస్తున్నావు పిన్నీ! మతిపోయిందా? పసిపిల్ల చలికి బిగుసుకుపోతుంది!"

"దీన్ని మూయకూడదని తెలీదుటే నీకు!"

"ఎవరన్నారు? మీ అల్లుడింట్లో కన్నం తెరిచే ఉందిగా! అయినా ప్రాణం పోయిందిగా! ఇక తెరిస్తేనేం, మూస్తేనేం? హీటరు బిగించేవాడు మంచివాడైతే చాలని ఇక్కడందరం అనుకుంటున్నాం. మాకు బిగించింది లఖ్దర్ కాదు. అందరూ నాలాగే మూసుకున్నారు!"

రెబీహాకు నేల కదిలినట్టయింది. తన అబద్ధం తనింట్లోనే ఉందనుకుంది ఇన్నాళ్ళూ! అది మెట్లెక్కి ఇంటింటికీ తిరుగుతోందన్నమాట! ఒక్కొక్క పసిపిల్ల ఉయ్యాల దగ్గరా కూర్చుందన్నమాట! ఇంక ఒక్క క్షణం ఆగలేకపోయింది. పిల్లను ఎత్తి గుండెకు హత్తుకుని, రెండో చేత్తో నఫీసాను పట్టుకుని, మెట్లు దిగి తన గుమ్మంలోకి వచ్చిపడింది. చల్లగాలి తగిలి పిల్ల కేరుమంది. ఆ ఏడుపుకి చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"విదాద్! బంగారూ! లఖ్దర్‌ను తిట్టకే... నన్ను తిట్టు! ఆ కన్నం మూసింది నేను! నువ్వు దగ్గుతున్నావని నా శాలువా కుక్కాను. పొద్దున్నే తీసి దాచేసిందీ నేనే! నీ మొగుణ్ణి నేనే పొట్టన పెట్టుకున్నాను తల్లీ..."

నఫీసా నోరు చేత్తో మూసుకుంది. మెట్లమీద ఆడవాళ్ళు ఉన్నచోటే ఉండిపోయారు. విదాద్ గోడకానుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"నాకు తెలుసమ్మా."

"ఏంటీ?"

"ఆ రోజే నాకు తెలుసు. దుప్పటి కోసం స్టూలు జరిపితే నీ శాలువా కనపడింది. తీసేద్దామంటే హిలాల్ నవ్వాడు. 'మీ అమ్మకు మనమంటే ఎంత దిగులో చూడు. ఉండనియ్యి, వెచ్చగా ఉంది' అన్నాడు. నేనూ నవ్వాను... ఉండనిచ్చాను... ఆసుపత్రిలో కళ్ళు తెరిస్తే ఆయన లేడన్నారు. వాళ్ళు కన్నం గురించి అడిగారు. నిజం చెబితే నిన్ను కూడా తీసుకుపోతారు! ఆయన పోయాక నువ్వు కూడా పోతే నాకెవరున్నారమ్మా? అందుకే తెరిచే ఉందన్నాను. ఆ తర్వాత ఆ మనిషిని తిట్టకుండా ఉండలేకపోయాను. తిట్టడం ఆపితే... నిన్ను తిట్టాల్సి వచ్చేది! నన్ను నేను తిట్టుకోవాల్సి వచ్చేది!"

రెబీహా కూతురి కాళ్ళ దగ్గర కూలబడింది. తనను కాపాడ్డానికి ఈ పిచ్చిపిల్ల ఇరవై మూడు రోజులు ఈ నరకాన్ని కడుపులో దాచుకుందా! తను కూతుర్ని చూస్తూ కుమిలిపోతుంటే, కూతురు తనను చూస్తూ కుమిలిపోయిందా!

"నన్ను క్షమించు తల్లీ..."

"అడక్కమ్మా. నా దగ్గర లేదది. నాకే ఇంకా దొరకలేదు." విదాద్ కళ్ళు తుడుచుకుని లేచింది. "చెప్పులేసుకో. ముందు దలీలాకు చెబుదాం, తర్వాత కోర్టుకు వెళ్దాం."

"నేనొక్కదాన్నే వెళ్తానే. నీకేం తెలీదని చెబుతాను. నువ్వు ఇద్దత్‌లో ఉన్నావు, గడప దాటకూడదు..."

"అబద్ధం చెప్పడానికి ఇద్దత్ అడ్డం రాలేదుగా అమ్మా! నిజం చెప్పడానికి వస్తుందా?"

ఇద్దరూ మెట్లు దిగుతుంటే ఎవరూ పలకరించలేదు. ఒక్కొక్కరే గబగబా ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. సిగ్గుతోనో, అసహ్యంతోనో అనుకుంది రెబీహా. కాదు! లోపల కన్నాల ముందున్న స్టూళ్ళు జరుగుతున్న చప్పుడు, బీరువాలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ రోజు ఆ భవనంలో అందరికీ చలేసింది.

దలీలా ఇల్లు రెండు వీధుల అవతల. తలుపు తీసి తెల్లబట్టల్లో ఉన్న విదాద్‌ను చూసి బెదిరిపోయింది. రెబీహా ఉన్నదున్నట్టు చెప్పేసింది. దలీలా మొహం తెల్లగా పాలిపోయింది. చెయ్యెత్తింది. కొడుతుందనే అనుకుంది రెబీహా, కొడితే బాగుండుననీ అనుకుంది. ఆ చెయ్యి గాల్లోనే ఆగి, పక్కన మేకుకున్న ముసుగు అందుకుంది.

"ఇరవై మూడు రోజులు! నా పిల్లలు బడి మానేసి ఇంట్లో దాక్కున్నారు! పొద్దున మీ కాళ్ళు పట్టుకుంటానన్నాను... అప్పుడు కూడా మీ నోరు పెగల్లేదు! పదండి. ఇప్పుడే పదండి. మీ మనసు మారకముందే."

దలీలా ముందు నడిచింది, తల్లీకూతుళ్ళు వెనక. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నిన్నటి మంచు గడ్డకట్టి వీధంతా జారుతోంది. కోర్టు మలుపు దగ్గర రెబీహా కాలు జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ చప్పుడుకి దలీలా ఆగింది. అటు తిరగకుండానే అరిచింది.

"మెల్లగా నడవండి! మీరిప్పుడు పడిపోతే నా మొగుడి కోసం చెప్పేదెవరు?"

ఆమె అక్కడే నిలబడింది, వీళ్ళు వచ్చేదాకా. విదాద్ తల్లి మొహంలోకి చూడలేదు. కానీ ఆమె చేతిని గట్టిగా పట్టుకుని, కోర్టు మెట్లెక్కేదాకా వదల్లేదు.