సూదిలా గుచ్చుకున్న పాట

"వాడే చేశాడని తేల్చి చెప్పండి చాలు పిన్నిగారూ. ఎందుకు చేశాడో కూడా నాకక్కర్లేదు."

ఆఫీసులోకి వచ్చి కుర్చీలో కూలబడిన గాయని మొదటి మాటే అది. ఆ డిటెక్టివ్‌ను ఊరంతా పిన్నిగారనే పిలుస్తుంది. ఆవిడ సహాయకుడికి మాత్రం తొందరయ్య అని పేరు. ఏ కేసైనా సగం వినకముందే దొంగను పట్టేసే అలవాటు వల్ల వచ్చిన పేరది. గాయని ముక్కు తుడుచుకునేలోపే ఆయన మనసులో ఒకడికి బేడీలు పడిపోయాయి.

సంగతేమిటంటే, ఆమె ఇంట్లోనే ఒక గదిలో పాట రికార్డు చేసుకుంది. చిన్ననాటి స్నేహితుడు గొంతునీ వాద్యాలనీ సరిపాళ్లలో కలిపి దానికి మిక్సింగ్ చేశాడు. రాత్రి అందరూ విని భేష్ అన్నారు. తెల్లారగానే ఆమె చేతులారా ఆ ఫైలును పాటల కంపెనీకి పంపింది. చెవుల్లో సూదులు గుచ్చినట్టుందని, మళ్లీ వినేది లేదని వాళ్లు తిప్పికొట్టారు. తెరిచి వింటే పేరు అదే గానీ లోపల ఉన్నది రాత్రి విన్న పాట కాదు.

"స్నేహితుడై ఉండి నా పాట గొంతు నులిమేశాడండీ! వాడికి ఎవరూ పని ఇవ్వొద్దని తోటివాళ్లందరికీ చెప్పేశాను."

"ఆ గదిలోకి ఇంకెవరెవరు వెళ్తారమ్మా?"

"అన్నయ్య, వదిన. వాళ్లని అనుమానిస్తే కళ్లు పోతాయండి. అన్నయ్య ఇరవై ఏళ్లుగా స్టేజీల మీద డ్రమ్స్ వాయిస్తున్నాడు. నాకు పాట నేర్పిందే ఆయన."

మధ్యాహ్నానికి పిన్నిగారూ తొందరయ్యా ఆ ఇంటికి వెళ్లారు. పాట రికార్డు చేసిన గది గోడలకు, మోత తగ్గడానికి, పాత పరుపులు వేలాడదీసి ఉన్నాయి. పిన్నిగారు కబురు పెట్టగా వచ్చిన స్నేహితుడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మని గాయని అనలేదు.

"రాత్రి ఎక్కడున్నావు బాబూ?"

"ఇంట్లో పడుకున్నానండి. మా అమ్మనడగండి, నా గురకకి ఆవిడకి నిద్ర లేదు."

"ఈ ఇంటి తాళంచెవి నీ దగ్గర ఉందా?"

"ఉందండి," అన్నాడతను. తొందరయ్య మీసం దువ్వుకున్నాడు.

అంతలో బల్ల కింద యూపీఎస్ సన్నగా కూత పెట్టింది. గాయని ముఖం చిట్లించింది. వదిన అయితే చెవులు మూసుకుంది.

"పొద్దుట్నుంచీ ఇదే గోల! చూడండీ అంటే ఈయన ఊఁ అంటారు, చూడరు. ఫోన్ మోగినా తియ్యరు. ఎప్పుడూ పాటల ధ్యాసే!"

బల్ల పక్కనే కూర్చున్న అన్నయ్య నవ్వి, తొడ మీద వేళ్లతో తాళం వేసుకుంటూ ఉండిపోయాడు. స్నేహితుడు వంగి స్విచ్ నొక్కాక గానీ ఆ కూత ఆగలేదు.

స్నేహితుడి దగ్గరున్న అసలు పాటను, పాడైన పాటను పిన్నిగారు పక్కపక్కనే వినిపించమంది. అసలుది వింటుంటే తొందరయ్యకు ప్రాణం లేచొచ్చింది. రెండోది మొదలవగానే భుజాలు ముడుచుకున్నాడు. 'స' వచ్చిన ప్రతిచోటా చెవిలో ఏదో దిగుతోంది. గుసగుసలా మొదలవ్వాల్సిన పల్లవి కేకతో సమానంగా మోగుతోంది.

"ఏం చేస్తే ఇలా అవుతుంది?" అని అడిగింది పిన్నిగారు.

స్నేహితుడు గుమ్మంలోంచే చెప్పాడు. "ఈక్వలైజర్‌తో లావు ధ్వనుల్నీ సన్నటి ధ్వనుల్నీ విడివిడిగా పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఇందులో సన్నటివి విపరీతంగా పెంచారు. లిమిటరంటే శబ్దం గీత దాటకుండా అణిచిపెట్టేది. దాన్ని మితిమీరి నొక్కితే ఇదిగో, మెల్లగా ఉండాల్సింది కూడా పైకొచ్చేస్తుంది."

"డ్రమ్స్ సంగతేంటి?"

అతను ఆ చోట మళ్లీ చెవిపెట్టి విన్నాడు. "నిజం చెప్పాలంటే, డ్రమ్స్ లాంటి లావు ధ్వనులు నాకంటే బాగా కుదిర్చారండి."

పిన్నిగారు బల్ల కిందకి చెయ్యిపెట్టి ఏదో సర్ది లేచింది. నలుగురినీ కూర్చోమంది. స్నేహితుడు కూడా ఈసారి లోపలికొచ్చి కూర్చున్నాడు.

"వీడే కదండీ?" అని తొందరయ్య చెవిలో గొణిగాడు.

"పగతో పాడుచేసేవాడు డ్రమ్స్‌ని అంత ముద్దుగా దిద్దుతాడా తొందరయ్యా? ఎవరో రాత్రంతా కూర్చుని దీన్ని బాగుచేశారు. వాళ్ల చెవికి ఇదే బాగుంది. అంటే, సన్నటి ధ్వనులు వినపడని చెవి అన్నమాట. ఇరవై ఏళ్లు డ్రమ్స్, కంచు తాళాల మోత పక్కన కూర్చుంటే ముందు పోయేది అదే."

గాయని దిగ్గున లేచింది. "పిన్నిగారూ, నోటికొచ్చినట్టు మాట్లాడకండి!"

"నా చెవులు దివ్యంగా ఉన్నాయి. ఆ ఫైలు నేను ముట్టనే లేదు," అన్నాడు అన్నయ్య.

"అయితే ఒక్కటి చెప్పు నాయనా. ఇప్పుడు ఈ గదిలో ఏం మోగుతోంది?"

అన్నయ్య తల వంచి శ్రద్ధగా విన్నాడు.

"ఏమీ లేదు. నిశ్శబ్దంగా ఉంది."

బల్ల కింద పిన్నిగారు ఇందాక మళ్లీ నొక్కిపెట్టిన యూపీఎస్ ప్రాణం తోడేసేలా కీచుమంటూనే ఉంది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తొందరయ్యకు ఆ మనిషి వైపు చూడబుద్ధి కాలేదు. అందరి ముఖాలూ చూశాక అన్నయ్యకు అర్థమైంది.

"వాడు చేసింది వింటే నీ గొంతు దుప్పటి కప్పుకున్నట్టుంది చెల్లీ," అన్నాడు మెల్లగా. "బాగుచేస్తున్నాననే అనుకున్నాను, ఒట్టు."

"పాట పోతే పోయింది. చెవి పోయిందని నాకెందుకు చెప్పలేదు? నేను వీడిని నలుగురిలో నానా మాటలూ అంటుంటే పక్కనే కూర్చుని ఔనౌనన్నావే! నీకు నోరెలా వచ్చింది అన్నయ్యా?"

"చెబితే... రేపట్నుంచి నన్నెవరు వాయించమంటారే?"

"వీడి బతుకు పోయినా ఫర్వాలేదన్నమాట!"

ఆమె కళ్లు తుడుచుకుని స్నేహితుడి వైపు తిరిగింది. "నన్ను క్షమించరా. అందరికీ ఫోన్ చేసి తప్పు నాదని చెబుతాను."

"చెప్పు," అన్నాడతను, తాళంచెవి తీసి బల్ల మీద పెడుతూ. "కానీ నువ్వే చేశావా అని నన్నొక్క మాట అడిగి ఉంటే సరిపోయేది కదా. అది కూడా అడగలేదు నువ్వు."

అతను వెళ్లిపోయాడు. ఆపే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. వంగి యూపీఎస్ స్విచ్ నొక్కింది. కూత ఆగింది, గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఏం ఆగిందో తెలియక అన్నయ్య మాత్రం ఒక్కొక్కరి ముఖం చూస్తూ కూర్చున్నాడు.