పురుడు లేని రోజు

"సరోజకు త్వరగా పక్కా లైసెన్సు రావాలని ప్రార్థన చేద్దాం" అన్నారు పాస్టరుగారు. కోడూరు చర్చిలో అందరూ తలలు వంచారు. విల్సన్ కూడా వంచాడు. కాకపోతే, రాకూడదని కోరుకున్నాడు.

సరోజ బందరులో నర్సు చదువు ముగించి హంసలదీవికి వచ్చింది. చేతిలో ఉన్నది తాత్కాలిక పర్మిట్. పక్కా లైసెన్సు వచ్చేదాకా, పెద్ద నర్సు దగ్గర లేకుండా పురుడు పోయకూడదు. ఆ పెద్ద నర్సు కోడూరులో ఉండే విల్సన్ మేనత్త ఎలీసబెతమ్మ. కబురు రాగానే ఆవిణ్ణి బండిలో తీసుకెళ్ళేది అతనే. లోపల పురుడు, బయట అరుగు మీద విల్సన్.

"బడిపంతులుగారికి పురుళ్ళ దగ్గర ఏం పనండీ?" వేడినీళ్ళకోసం బయటికొచ్చి ఏడిపించేది సరోజ.

"ఎద్దు నా మాటే వింటుందండీ."

"పోన్లెండి, మీ మాట వినేవాళ్ళు ఒకరున్నారు."

ఆ నాలుగు మాటలే విల్సన్‌కు వారాల తరబడి తోడు. ఇంట్లో అత్త బైబిలు చదువుకుంటూ కూర్చునేది. అతనితో మాట్లాడేవాళ్ళు లేరు.

లైసెన్సు రానే వచ్చింది. హంసలదీవి నుంచి కబుర్లు ఆగిపోయాయి. వానలో ఏ బండి చప్పుడైనా విల్సన్ వీధిలోకి పరుగెత్తేవాడు. ఎవరో ఎటో పోయేవాళ్ళు.

"ఆ పిల్లకి గుడివాడ ఆసుపత్రిలో ఉద్యోగమిస్తారటరా" అంది అత్త ఒకరోజు. "ఇక ఎక్కడైనా చెయ్యొచ్చుగా!"

విల్సన్ అన్నం సగంలో లేచి బండి కట్టాడు.

హంసలదీవిలో బండి ఆగగానే సరోజ సంచీతో గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరికి నొప్పులు?"

"ఎవరికీ లేవండీ."

"అత్తయ్యగారికి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరెందుకొచ్చారు?"

"మిమ్మల్ని చూడాలని. మీరు వెళ్ళిపోతే నేను ఉండలేనండీ. గుడివాడ బడికి బదిలీ పెట్టుకుంటాను. అత్తా నేనూ వచ్చేస్తాం. మీ నాన్నగారిని అడగమంటారా?"

సరోజ సంచీ కింద పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అడుగుదురుగాని. ముందు లోపలికొచ్చి కూర్చోండి. ఈ ఊరొచ్చాక నా తలుపు తట్టినవాళ్ళంతా ఎవరికో నొప్పులని వచ్చినవాళ్ళే. బిడ్డ పుట్టాక అందరూ బిడ్డ చుట్టూ చేరతారు, నేనొక్కదాన్నే ఇంటికొస్తాను. ఊరికే, నా కోసమని ఎవరూ రాలేదండీ."