ఎనభై మూడో పైలు

“అరవై అంతస్తుల టవరు. రక్షణ శాఖ ఆఫీసు అందులోకే మారుతుంది. పునాదిలో నూట పన్నెండు పైళ్లు, అంటే నేలలోకి దించిన కాంక్రీటు స్తంభాలు. ఒకదాన్ని పోసేటప్పుడు ముఠా అందులో బాంబు పెట్టింది. ఏ పైలులోనో తెలీదు.”

“గడువు?”

“ఇప్పుడు ఎనిమిది. పదికి పైళ్ల మీద కాంక్రీటు పోస్తారు. ఆ తర్వాత బ్రహ్మదేవుడికి కూడా దొరకదు. నీకు దొరికితే ‘అడుగు గట్టిగా ఉంది’ అను. వినాల్సినవాళ్లు వింటారు.”

చీఫ్ ఫోన్ పెట్టేశాడు. ఎలా ఉన్నావని అడగలేదు.

ఏజెంటు ఆరు నెలలుగా ఆ సైటులో పైళ్లు పరీక్షించే ఇంజనీరు. పైలు తల మీద సుత్తితో కొడితే శబ్దం ముప్పై మీటర్లు దిగి, అడుగును తాకి తిరిగొస్తుంది. మధ్యలో బోలుంటే ముందే వస్తుంది. పనివాళ్లు అతన్ని సుత్తి సారు అనేవాళ్లు. ఇంటికి ఫోన్ చెయ్యకూడదు. పక్క గదిలో ఉండే పంపు ఆపరేటరు ఒక్కసారీ పలకరించలేదు. రోజూ అతనితో టీ తాగేది కన్సల్టెంటు ఒక్కతే. నల్ల కళ్లద్దాలు, బురదలో కూడా ఎత్తు మడమల చెప్పులు. ముఠాలో ఉంటూ చీఫ్‌కు కబురందించే మనిషని ఆఫీసు రికార్డులో ఉంది.

సగం పైళ్లు అతను పరీక్షించాడు, సగం ఆమె. ఆమె తీసిన శబ్దాల గ్రాఫులు తన గదిలో మంచం మీద పరిచాడు. నలభై ఏడు, ఎనభై మూడు అచ్చు గుద్దినట్టున్నాయి. ఏ రెండు పైళ్లూ ఒకేలా పలకవు. అన్నదమ్ముల గొంతుల్లో కూడా తేడా ఉంటుంది. ఎనభై మూడుది తర్వాతి తేదీ, అంటే కాపీ అదే. కింద ఆమె సంతకం. అతను దాన్ని కాసేపు చూసి, సుత్తి తీసుకున్నాడు.

ఎనభై మూడో పైలు తల మూడు మీటర్ల ఇనుప చువ్వల పంజరం అడుగున ఉంది. దిగడానికి ఒకటే కంత, ఒకటే నిచ్చెన. దిగి కొట్టాడు. శబ్దం ఆరు మీటర్ల నుంచే తిరిగొచ్చింది.

“సుత్తి సారూ, టీ చల్లారిపోతోంది,” అంది ఆమె పైనుంచి.

“ఆరు మీటర్ల దగ్గర బోలుంది.”

“మీకు చెవులు బాగా పనిచేస్తాయి. అదే వచ్చింది తంటా.”

నిచ్చెన పైకి లేచింది. “కింద ఎవరూ లేరు, కాంక్రీటు పోసెయ్,” అని ఆమె ఎవరితోనో అంది. పంపు గొట్టం మూతి అతని తల మీదికి వచ్చింది. సిమెంటు పాలు భుజం మీద పడ్డాయి.

వినేవాళ్లు ఎవరున్నారో తెలియకుండానే అరిచాడు. “అడుగు గట్టిగా ఉంది.”

పంపు ఆగింది. పైన హ్యాండ్‌బ్యాగు పడిన చప్పుడు. “చేతులు పైకెత్తండి మేడం,” అంది ఒక గొంతు. అతను ఎన్నడూ వినని గొంతు.

నిచ్చెన దించింది పంపు ఆపరేటరు.

“ఆరు నెలలు పక్క గదిలోనే ఉన్నావు కదయ్యా.”

“మాట్లాడొద్దని ఆర్డరు.”

“ఇప్పుడో?”

“మాట్లాడమని ఇంకా రాలేదు.”

మధ్యాహ్నానికి బాంబు పెట్టె బయటికి తీశారు. సాయంత్రం అతను గదికి వచ్చి, ఒక్కడే టీ పెట్టుకున్నాడు. తాగి, సుత్తితో ఆపరేటరు గది వైపు గోడను ఒకసారి తట్టాడు. అవతల నుంచి ఒకసారి తిరుగు తట్టు వచ్చింది.

గోడ బాగానే ఉందని రిపోర్టులో రాశాడు.