ఎక్స్‌కవేటర్ అలక

"బ్యాటరీ తీగ పీకిన మహానుభావుడు ఎవరు?"

బండి చూడటానికి వచ్చిన మెకానిక్ జుల్మా నన్ను అడిగిన మొదటి మాట అది. వాన కోటు మీంచి నీళ్లు కారుతున్నాయి. చంకలో ప్లాస్టిక్ సంచి చుట్టిన లాప్‌టాప్ ఉంది. పలకరింపు గిలకరింపు ఏమీ లేదు.

"నేనే," అన్నాను. "ఎర్ర లైటు వెలిగితే తీగ పీకి మళ్లీ పెడతాం. ఆరిపోతుంది."

"ఆరిపోయి?"

"కాసేపటికి మళ్లీ వెలుగుతుంది."

"జ్వరం వస్తే థర్మామీటర్ విరగ్గొట్టే రకమన్నమాట!" అంటూ నా ఎక్స్‌కవేటర్ ఎక్కేసింది. నాకు ఒళ్లు మండింది. ఆ మంట సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

కరనావి కొండదారిలో వానలు ముదిరితే కొండచరియ విరిగి రోడ్డు మీదికి వస్తుంది. ఈసారీ వచ్చింది. అటువైపు నారింజల లారీలు, బస్సులు ఆగిపోయాయి. ఆ మట్టి తియ్యాల్సిన బండి మాదే. అదేమో అలిగి కూర్చుంది. ఇంజిన్ స్టార్టవుతుంది గానీ వేగం పెరగదు, మట్టి ఎత్తబోతే ఉసూరుమంటుంది. తెర మీద ఆయిల్ ప్రెషర్, డీజిల్ ప్రెషర్, టర్బో గాలి ప్రెషర్ అని మూడు కోడ్‌లు.

బండి మా అమ్మ దోన్యా సబీనాది, అంటే సబీనమ్మగారిది. జబ్బేమిటో కూడా ఆమే తేల్చేసింది.

"భూమాత మన నైవేద్యం ఒల్లలేదురా విల్మెర్. పచమామకి గిట్టని బండి మనకొద్దు. శనివారంలోపు బాగుపడిందా సరే, లేదా అమ్మేస్తా. నువ్వెళ్లి మీ మామ చెప్పుల కొట్లో కూర్చో."

అమ్మ టోపీ సర్దుకుని ఒక మాట అన్నదంటే ఇక తిరుగులేదు. కొండల్లో బండి నడిపే నేను జనాల కాళ్లు కొలుస్తూ బతకాలా? అందుకే మెకానిక్‌ని పిలిపించాను.

ఆ రోజంతా జుల్మా ఇంజిన్ పక్కన వంగి ఒక్కో తీగనీ మొదటి నుంచి చివరి దాకా తడిమి చూసింది. నేను గొడుగు పట్టాను.

"ఆయిల్ సెన్సర్ మొన్ననే కొత్తది వేశానండీ," అన్నాను ఉండబట్టలేక.

"ఎందుకు వేశారు?"

"కోడ్‌లో దాని పేరే వచ్చింది కదా."

"కోడ్ చెప్పేది ఫిర్యాదు ఇచ్చినవాడి పేరు. దొంగ పేరు కాదు." ఆమె ముక్కు మీద గ్రీజు మరక. అది చెబుదామనుకుని చెప్పలేదు, బాగుంది మరి.

"ఇంకోటి అడగనా?" అంది. "ముగ్గురు మంచివాళ్లకి ఒకేసారి జబ్బు చేసిందంటే ముందు ఏం చూస్తారు?"

"ఏం తిన్నారో చూస్తాం."

ఆమె మొదటిసారి నవ్వింది. "హమ్మయ్య, బుర్ర ఉంది! ఈ మూడు సెన్సర్లకీ ఐదు వోల్టుల కరెంటు ఒకే తీగలో వస్తుంది. ఒకడు కాజేస్తే మిగతా ఇద్దరూ పస్తే."

రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ కాఫీ తొక్కల టీ పోస్తూ ఊరేమిటి, ఇంట్లో ఎవరెవరని అన్నీ కూపీ లాగింది. ఒరూరో ఊరి పిల్లట. ఆ సంగతి నేను గోడ అవతల నించుని విన్నాను.

పొద్దున్నే జుల్మా నన్ను సీట్లో కూర్చోబెట్టింది.

"ఒక్కో సెన్సర్ ఊడదీస్తా. తెర మీద ఏం మారితే అది అరవండి. ఆయిల్‌ది తీశా!"

"ఏం మారలేదు!"

"డీజిల్‌ది తీశా!"

"ఊహూఁ!"

"టర్బోది!"

"పోయాయి! రెండు పోయాయి! టర్బోది ఒక్కటే ఉంది!"

"ఉంటుంది, దాన్ని ఊడబీకాను కదా. దొరికాడు దొంగ!"

ఎలా దూకానో తెలియదు, వెళ్లి పక్కన పడ్డాను. ఆమె అరచేతిలో ఆ సెన్సర్ ప్లగ్గు. రబ్బరు చీలింది. లోపల పిన్నుల మధ్య ఆకుపచ్చ చిలుం, జిగురు, దానికి అంటుకుని గులాబీ రంగు కాగితం ముక్క. ఆమె వాసన చూసింది.

"బీరు?"

 కార్నివాల్ పండగ మంగళవారం పచమామకి నైవేద్యంగా అందరూ బండి చక్రాల దగ్గర, మూలల్లో బీరు పోసి, రంగు కాగితాలు చల్లి దండం పెట్టుకుంటారు. మా అమ్మకి అది చాలలేదు. బండికి గుండె ఇదే కదా అని మూత ఎత్తించి ఇంజిన్ మీదే సీసాలు వంచింది.

"అమ్మకి చెప్పకండి, మీకు పుణ్యముంటుంది," అన్నాను. "ఎలక కొరికిందని చెబుదాం."

"ఏమిటిరా గుసగుసలు?" వెనకే అమ్మ.

జుల్మా నావైపు చూసింది. తర్వాత సూటిగా అమ్మ వైపు తిరిగింది. "బీరండీ, దోన్యా. మీరు పోసిందే. ప్లగ్గులోకి దిగింది."

అమ్మ మొహం వాడిపోయింది. "అంటే పచమామ..."

"ఒల్లకపోవడమా! కడుపునిండా తాగింది. మిగిలిందే ఇందులోకి వచ్చింది. వచ్చే ఏడు ఇంజిన్ మూత తియ్యకుండా నేల మీద పొయ్యండి, అంతా ఆవిడకే చెందుతుంది."

వారం రోజులుగా అమ్మ మోస్తున్న బరువు దిగిపోవడం కళ్లారా చూశాను. ఇంజిన్ కన్నా ముందు అమ్మ బాగుపడింది. ఈ పిల్లని మించిన మనిషి ఈ కొండల్లో లేదనిపించింది.

ప్లగ్గు శుభ్రం చేసి, ఆరబెట్టి, కొత్త రబ్బరు వేసింది. తాళం తిప్పితే నా బండి కొండ అదిరేలా గర్జించింది. అటువైపు లారీలవాళ్లు హారన్లు మోగించారు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "జుల్మా, వచ్చే కార్నివాల్‌కి ఈ బండిని దగ్గరుండి దీవించే జ్ఞానమాతవి నువ్వే. ఇవాళ్టి నుంచి నువ్వు నాకు కొమాద్రేవి, అంటే తోబుట్టువువి!"

"వద్దు!" అని అరిచాను.

అందరూ నావైపు తిరిగారు. "ఎందుకొద్దురా?" అంది అమ్మ.

"ఆమె నీకు తోబుట్టువైతే నాకు పిన్ని అవుతుందే! వరస చెడిపోతుంది!"

"చెడితే నీకేం?"

"పెళ్లెలా చేసుకుంటాను మరి!"

ఇంజిన్ చప్పుడులో కూడా ఆ మాట అందరికీ వినబడింది. జుల్మా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది, చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి.

"రెండు రోజుల్లోనే?" అంది.

"నిన్న సాయంత్రమే," అన్నాను.

ఆమె గుడ్డని మెల్లగా మడతపెట్టి అమ్మ వైపు తిరిగింది. "ఏమీ అనుకోకండి దోన్యా సబీనా. బండికి జ్ఞానమాతగా ఇంకెవరినైనా చూసుకోండి."