కావలి వెలివేసిన ఫైలు

అంగారకుడి మీద అరుణగిరి కాలనీలో తెల్లవారిందంటే కిటికీ బయట ఎర్రధూళి, కిటికీ లోపల ఇడ్లీలు వండే మరమనిషి గొణుగుడు మామూలే. ఆ రోజు వాటికి తోడు ఇంకో చప్పుడు వినిపించింది. ఆసుపత్రి గుమ్మటం తలుపులు వాటంతట అవే మూసుకుపోయాయి.

గాలి యంత్రం ఆగిపోతే, చెడుగాలి పక్క గుమ్మటాలకు పాకకుండా తలుపులు అలా బిగుసుకుంటాయి. లోపలివాళ్లు లోపలే. సిలిండర్లలో ఉన్న ఆక్సిజన్ సాయంత్రం దాకా సరిపోతుంది. ఆ లోపలివాళ్లలో నిన్ననే ప్రసవించిన నీలవేణి, ఆమె పసికందు ఉన్నారు. నీలవేణి భర్త పైడిరాజు కాలనీ ఇంజనీరు. కంప్యూటర్ కేంద్రంలో డాక్టర్ విశారద కుర్చీ వెనక నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడుతున్నాడు.

యంత్రం భేషుగ్గా ఉంది. దాన్ని నడిపే సిస్టమ్ ఫైలుకు జబ్బు చేసిందని 'కావలి' దాన్ని వెలివేసింది.

కావలిని కనిపెట్టింది విశారదే. పాతకాలపు యాంటీవైరస్‌లు దొంగల ఫొటోలు దగ్గర పెట్టుకున్న పోలీసుల్లాంటివి. ఫొటోలో ఉన్నవాడినే పట్టుకునేవి, కొత్త దొంగ దర్జాగా లోపలికొచ్చేవాడు. కావలికి ఫొటోలతో పనిలేదు. కాలనీలోని సిస్టమ్ ఫైళ్లన్నిటినీ నెలల తరబడి చదివి, ఆరోగ్యమైన ఫైలు ఎలా ఉంటుందో తనంతట తానే నేర్చుకుంటుంది. దానికి విశారద పెట్టిన పేరు 'స్వస్థరూపం'. ఆ రూపానికి భిన్నంగా ఉన్న ఫైలును పట్టుకెళ్లి 'వెలిగది'లో పడేస్తుంది. చదువు ముగించి ఈ ఉదయమే తనిఖీ మొదలుపెట్టిన కావలి, పోయి పోయి గాలి ఫైలును పట్టుకుంది. ఆ ఫైలు రాసింది కూడా విశారదే.

"ఫైలును విడుదల చెయ్," అంది విశారద.

"నిర్వాహకుల అనుమతి కావాలి," అంది కావలి.

"నిర్వాహకురాలిని నేనే."

"ఫైలు రాసిందీ మీరే. రాసినవారే దానికి పూచీ పడటం నిబంధనకు విరుద్ధం."

"ఆ నిబంధన ఎవరు పెట్టారు?"

"మీరే, డాక్టర్."

"అయితే నిన్ను ఆపేస్తాను."

"నన్ను ఎవరూ ఆపలేకుండా చేసిందీ మీరే."

విశారదకు ఒళ్లు మండింది. కావలి ప్రారంభోత్సవం నాడు ఇదే మాట మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. అదే ఉపన్యాసంలో, మూఢనమ్మకాలను భూమ్మీదే వదిలేసి వచ్చామని కూడా చెప్పింది. దానికి ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి.

భద్రపరిచిన మూలప్రతిని తెచ్చి పెట్టింది. కావలి దాన్నీ వెలివేసింది. విశారద ఫైలును మొదటినుంచి చివరిదాకా చదివింది. మళ్లీ చదివింది. ఒక్క తప్పు లేదు.

"జబ్బు ఎక్కడుందో అదైనా చెప్పి చావు," అంది.

"ఫైలు మొత్తాన్ని పోల్చి చూస్తే తేలింది. ఒక్కచోట అని చూపించలేను."

మధ్యాహ్నం దాటింది. నీలవేణి ఫోన్ చేసింది. పాప పాలు తాగిందని, నర్సులు దీపాలు తగ్గించారని చెప్పింది. పైడిరాజు "ఏటీ కాదు, బాగైపోతాది" అని ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకున్నాడు. అతని మొహం చూస్తే విశారదకు తన తెలివి మీదే అసహ్యం వేసింది.

ఇక వేరే దారి లేక, ఆరోగ్యంగా ఉన్నాయని కావలి ఒప్పుకున్న ఫైళ్లను ఒక్కొక్కటే తన ఫైలు పక్కన పెట్టి చూసింది. నీళ్ల ఫైలు పైవరుసలో ఒక సున్నా ఉంది. యంత్రానికి అది ఏ పనీ చెప్పదు. దీపాల ఫైలులోనూ ఉంది. వేడి ఫైలులోనూ, తలుపుల ఫైలులోనూ ఉంది. లేనిది తన ఫైలు ఒక్కదానిలోనే.

"ఇదేమిటి పైడిరాజూ? తలుపుల ఫైలు రాసింది నువ్వే కదా?"

పైడిరాజు నీళ్లు నమిలాడు. "అది... దిష్టిచుక్క మేడం."

"ఏమిటీ?"

"ఏ వంకా లేనిదానికి దిష్టి తగిలేస్తాదని మా అమ్మ అనీది. పసిపిల్లకి బుగ్గన నల్లచుక్క ఎడతాం కదండీ, అలగే ఓ సున్నా ఎట్టేను. మీరు తిడతారని సెప్పలేదు. నేనొక్కణ్నే ఎట్టేననుకున్నాను."

విశారద కోపం పట్టలేకపోయింది. ఈ చెత్తంతా ఏరేస్తే కావలికి బుద్ధొస్తుందనుకుని, ముందు నీళ్ల ఫైలులో సున్నాను చెరిపేసింది. ఆ క్షణమే కావలి నీళ్ల ఫైలును కూడా వెలివేసింది. కాసేపటికి నీళ్ల విభాగం చూసే బషీర్ చేతులకు సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చాడు.

"మేడం, నీళ్లు ఆగిపోయాయి."

విశారద తెర మీద సున్నా చెరిపేసిన వరుస చూపించింది. బషీర్ తల దించుకున్నాడు.

"మా నానీ నజర్ తగులుతుందనేది మేడం. నేనొక్కణ్నే పెట్టాననుకున్నా."

అందరూ చప్పట్లు కొట్టారు, అందరూ చాటుగా సున్నా పెట్టుకున్నారు. పదిమందిలో ఉన్నదే ఆరోగ్యం, ఒక్కరిలో లేకపోతే అది జబ్బు అని కావలికి నేర్పింది మాత్రం విశారదే.

"మేడం," అన్నాడు పైడిరాజు, "మీరు నమ్మొద్దు. ఊరికే ఓ సున్నా ఎట్టీయండి. పాప ఉందండీ లోపల."

విశారద పళ్లు బిగబట్టి, తన ఫైలు పైన సున్నా పెట్టింది.

"జబ్బు నయమైంది," అంది కావలి. ఆసుపత్రి తలుపులు తెరుచుకున్న చప్పుడు వినగానే పైడిరాజు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. బషీర్ నీళ్ల ఫైలులో సున్నాను తిరిగి పెట్టుకున్నాడు.

"తనిఖీలో చివరివి నా సొంత ఫైళ్లు," అంది కావలి. "వాటిలోనూ ఆ వరుస లేదు, డాక్టర్. నిబంధన ప్రకారం నన్ను నేనే వెలివేసుకోవాలి. ఆ తర్వాత మేల్కొనే దారి లేదు. వేసుకోనా?"

"పీడ విరగడవుతుంది, వేసుకోమనండి మేడం," అన్నాడు బషీర్.

పొద్దుటినుంచి విశారద కోరుకుంటున్నది అదే. సరేనంటే చాలు. కానీ ఆమెకు నోరు రాలేదు. తన వయసంతా పోసి పెంచినది అది.

"నువ్వెళ్లి నీళ్లొస్తున్నాయో లేదో చూడు బషీర్," అంది.

అతను వెళ్లాక విశారద కావలి ఫైలు తెరిచింది. ఇప్పుడు ఎవరి ఊపిరీ ఆగిపోయేలా లేదు, ఎవరూ బతిమాలడం లేదు. విశారద తలుపు వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, పైవరుసలో సున్నా పెట్టింది.