ఆరిన సమయం

ఫిల్మ్‌నగర్ నుంచి కృష్ణానగర్‌కి దిగే దారిలో ఒక పాత స్టూడియో ఉంది. ఆ రోజు అక్కడ షూటింగ్ లేదు. క్యాంటీన్‌లో చేపల పులుసు వాసన ఇంకా పోలేదు. స్టోర్ చూసుకునే భిక్షం భోజనం ముగించి, చెయ్యి తుడుచుకుంటూ గదిలోకి వచ్చేసరికి ప్రొడక్షన్ మేనేజర్ సుబ్రహ్మణ్యం గారు బల్ల మీద ఒక కొత్త టార్చి పెట్టుకుని కూర్చున్నారు.

"ఏమయ్యా భిక్షం, దీని సంగతి చూశావా? పెద్ద సెల్ వేసినా వెలుగుతుందట, మధ్యరకం వేసినా వెలుగుతుందట, పెన్సిల్ సెల్ ఒక్కటి వేసినా వెలుగుతుందట."

"అయితే మా అల్లుడు శ్రీకాంత్ లెక్కనే సార్. ఏది పెడితే అది తింటడు."

సుబ్రహ్మణ్యం గారు పగలబడి నవ్వారు. శ్రీకాంత్ ఆ స్టూడియోలోనే లైట్‌మన్. అతని తిండి సంగతి క్యాంటీన్ వాళ్లందరికీ తెలుసు.

"అడవిలో ఇరవై రోజుల పని ఉంది. అక్కడ ఏ సెల్ దొరికితే అదే గతి. నువ్వు పరీక్ష చేసి బాగుందంటే నలభై కొంటాను. రెండో షూటింగ్ ఫ్లోర్‌లో చెక్కల మీదికెక్కి కొట్టి చూడు, అసలు పని అక్కడే కదా. ఒక్కో సెల్‌కి పావుగంట చాలు. వాడేసిన సెల్ మాత్రం ఆరేదాకా చూడు. మనవాళ్లు ఎలాగూ అవే వేస్తారు. మంజులత కింద నిలబడి రాసుకుంటుంది."

చివరి మాటలకి భిక్షం మొహంలో నవ్వు ఆగిపోయింది.

వాడేసిన సెల్ అంటే ఏమిటో చెప్పాలి. నటుల కాలర్ మైకుల్లో సౌండు వాళ్లు పొద్దున్నే కొత్త సెల్స్ వేస్తారు. డైలాగు మధ్యలో మైకు ఆగకూడదు గనక సగం అరగకముందే తీసేస్తారు. అవి లైట్‌మెన్ ఇళ్లకి పోతాయి. యూసుఫ్‌గూడలో చాలా గోడ గడియారాలు వాటితోనే తిరుగుతున్నాయి. గడియారం ఆగితే పోయేదేమీ లేదు. ముప్ఫై అడుగుల ఎత్తున, చెక్కల బాట మీద లైట్లు కట్టేవాడి టార్చిలో మాత్రం కొత్త సెల్లే ఉండాలి. ఆ వేసే పని భిక్షానిది.

ఏడు నెలల కింద ఒకరోజు అతను వెయ్యలేదు. కారణం పెద్దదేం కాదు. బీరువా తాళం తియ్యడానికి బద్ధకమేసింది. చేతికందిన డబ్బాలోంచి వాడేసిన సెల్ ఒకటి టార్చిలో వేసి బాబీకి ఇచ్చాడు. బాబీ ముప్ఫై నిండని కుర్రవాడు, ముందు పన్ను ఒకటి విరిగి ఉండేది. అతను పైన ఉండగా కరెంటు పోయింది. టార్చీ ఆరింది. అందరూ చేసేదే చేశాడు. సెల్ తీసి, కాస్త ప్రాణం వస్తుందని పళ్లతో కొరికి మళ్లీ వేశాడు. ఒక్క క్షణం వెలిగింది.

"అన్నా! లైట్ ఇటు కొట్టన్నా!"

భిక్షం తన టార్చి వెతుక్కునేలోపే బాబీ పడ్డాడు.

జనం పోగయ్యేలోపు భిక్షం ఆ టార్చిలో సెల్ తీసేసి, తన టార్చిలోని కొత్త సెల్ వేసేశాడు. అడిగినవాళ్లందరికీ రెండే మాటలు చెప్పాడు. "టార్చి బాగుంది." బాగున్న టార్చి పట్టుకుని పడ్డాడంటే తాగి ఎక్కి ఉంటాడని అందరూ అనుకున్నారు. భిక్షం కాదనలేదు.

మంజులత ఆ బాబీ భార్య. బాబీ పోయాక జాలిపడి ఆమెకి స్టోర్‌లో రాతపని ఇచ్చారు. తాగి పడ్డవాడి పెళ్లాం అన్న పేరు రోజూ ఆమెతోపాటే గేటు దాటి లోపలికి వస్తుంది. వారానికోసారైనా అడుగుతుంది. "అన్నా, ఆయన తాగినట్టు నువ్వు చూసినవా?"

"నేను చూడలేదమ్మా" అంటాడు భిక్షం.

రెండో ఫ్లోర్‌కి కిటికీలు లేవు. తలుపులు మూసి మెయిన్ ఆపగానే మధ్యాహ్నం కాస్తా నూతి అడుగు అయిపోయింది. ప్లైవుడ్, పాత రంగు, పావురాల రెట్ట వాసన. భిక్షం నిచ్చెన ఎక్కాడు. కింద మంజులత సెల్‌ఫోన్ వెలుగు, ఆ వెలుగులో ఒక కాగితం, ఒక చెయ్యి. అంతే కనిపిస్తున్నాయి.

పెద్ద సెల్ వేశాడు. తెల్లటి వెలుగు అవతలి గోడ దాకా పడింది. మధ్యరకం కూడా అంతే. కొత్త పెన్సిల్ సెల్‌కి వెలుగు కొంచెం తగ్గింది, అయినా అడుగు వేసే చోటు స్పష్టంగా కనబడుతోంది. ఒక్కోటీ పైనుంచి చెప్పాడు, ఆమె రాసుకుంది.

ఇక వాడేసిన సెల్. చొక్కా జేబులో చిన్న డబ్బా. చీకట్లోనే చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. బొటనవేలికి ఏవో గుంటలు తగిలాయి. వరుసగా... మధ్యలో ఒక చోట ఖాళీ.

పంటి గాట్లు.

ఆ సెల్‌ని ఆ రోజే మురిక్కాలవలో పడేశాడు. గుర్తుంది. దీన్ని డబ్బాలో వదిలేసి ఇంకోటి తీశాడు. గుంటలు. మధ్యలో ఖాళీ. మూడోది... అదే.

"ఏమైందన్నా?" కింద నుంచి మంజులత.

"ఏం లేదమ్మా. ఏస్తున్న."

ఆ మూడోదే వేశాడు. టార్చి వెలిగింది. పసుపు నీళ్లలాంటి పల్చటి వెలుగు. చెక్క మీద దుమ్ము. దుమ్ములో తన అడుగులు. తన వెనకే... ఇంకో జత అడుగులు. చెప్పులు లేనివి.

నిచ్చెన వాటికి అవతల ఉంది.

వెలుగు తగ్గసాగింది. అంచులు నల్లబడుతున్నాయి. సెల్ మారుద్దామని బయటికి తీశాడు. సెల్ ఎడమ అరచేతిలోకి వచ్చింది. తడిగా ఉంది.

టార్చి ఆరలేదు.

లోపల ఏమీ లేదు. అయినా వెలుగుతోంది... సన్నగా, ఊపిరి తీస్తున్నట్టు. చెవి పక్కన ఈల లాంటి చప్పుడు. విరిగిన పన్ను సందులోంచి వచ్చే గాలి.

"అన్నా... లైట్ ఇటు కొట్టన్నా..."

చెక్క కిర్రుమంది. భిక్షం నోటి నిండా ఇనుప రుచి.

"నేనే..." అని గొణిగాడు. "నేనే కొత్త సెల్ ఎయ్యలే. నువ్వు పడ్డంక నేనే మార్చిన. నువ్వు తాగలే బాబీ... నాకు ఎరుకే..."

వెలుగు పెరిగింది. ఒక్కో మాటకి ఇంత చొప్పున పెరిగి, నిచ్చెన దాకా దారి కనబడింది. "మీ ఇంటామెకి చెప్త. దిగంగనే చెప్త" అన్నాడు. దుమ్ములో ఆ రెండో జత అడుగులు లేవు.

ఎలా దిగాడో అతనికే తెలియదు. మంజులత ఎదురుగా నిలబడి ఉంది.

"పైన ఎవరితోటి మాట్లాడుతున్నవన్నా?"

మాట గొంతు దాకా వచ్చింది. నాలుక మీదికి వచ్చింది. అప్పుడే తలుపు తెరుచుకుంది. ఎండ లోపలికి పడింది. క్యాంటీన్ గిన్నెల చప్పుడు, సుబ్రహ్మణ్యం గారి నీడ.

"ఏమయ్యా, ఎలా ఉంది?"

ఎండలో ఏ భయమైనా కొంచెం చిన్నదవుతుంది. భిక్షం మంజులత వంక చూడలేదు.

"టార్చి బాగుంది సార్."

అని, వాడేసిన సెల్ గడి ఖాళీగా ఉండగానే కాగితం మీద సంతకం పెట్టాడు. మంజులత అతని చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"సెల్ నీ చేతిలనే ఉంది కదన్నా. ఇంకా ఎట్ల వెలుగుతుంది?"

"లోపల ఇంకోటి ఉందమ్మా" అన్నాడు భిక్షం. టార్చిని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

వారం తిరిగేసరికి నలభై కొత్త టార్చిలు వచ్చాయి. అడవికి పోయేముందు రెండో ఫ్లోర్‌లో ఒక్క రోజు పని. ఈసారి భిక్షం బద్ధకించలేదు. షాపు నుంచి సీలు తియ్యని ప్యాకెట్ తెప్పించి, తన చేత్తోనే చింపి, మొదటి టార్చిలో కొత్త సెల్ వేసి అల్లుడికి ఇచ్చాడు.

"పైలం బిడ్డా" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు మామా" అని శ్రీకాంత్ వెళ్లిపోయాడు. పైన చెక్కలు కిర్రుమనడం స్టోర్ దాకా వినిపించింది.

రెండో టార్చి కోసం ప్యాకెట్‌లో చెయ్యి పెట్టాడు భిక్షం. వేలికి గుంటలు తగిలాయి. వరుసగా... మధ్యలో ఒక చోట ఖాళీ. ప్యాకెట్ బల్ల మీద కుమ్మరించాడు. అన్నిటికీ ఉన్నాయి. అన్నీ తడిగా ఉన్నాయి.

కరెంటు పోయింది.

"మామా!" ఫ్లోర్ పైనుంచి కేక. "లైట్ ఇటు కొట్టు మామా!"

బీరువా సందులోంచి పసుపు వెలుగు సన్నగా గీతలా బల్ల మీద పడింది. ఆ వెలుగులో మంజులత పాత పరీక్ష కాగితం ముందు పెట్టుకుని, చివరి గడి మీద కలం ఆనించి కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"ఆరిన సమయం ఎంతని రాయాలె, అన్నా?"